వాటర్ పేపరు

కారు నలభై రెండు వేలకొచ్చింది.
రంగుకు ఇరవై ఎనిమిది అడిగినాడు అనంతపురం షెడ్డాయన.
"ఓవెన్లో పెట్టి కాల్చిస్తాం" అన్నాడు.
బన్నా కారా అన్నాను.
నవ్వలేదు.

అప్పటి నుంచి
రోజుకొకరు వచ్చి బానెట్ మీద చెయ్యేసి
తలా ఒక ఉపాయం చెప్పి పోతాండారు.

మా బామ్మర్ది ఓబులేసు కంప్రెసర్ తెస్తానంటాడు,
దినం బాడుగ ఆరునూర్లు.
గన్ను ఎట్ల పట్టాల్నో ఫోన్లో చూసినాడంట.
ఉత్త చెయ్యి అట్లా ఇట్లా ఊపి చూపిస్తాడు
పెండ్లిలో పన్నీరు చల్లినట్టు.
ఇది తాడిపత్రి రా నాయనా,
ఇది ఆషాఢం.
పొద్దున ఆరేసిన తెల్లచొక్కా
మాపటికి బండల రంగుకొచ్చే వీధి మాది.
పచ్చి రంగు మీద ఈ దుమ్ము వాలిందంటే
కారు పోయి ఉప్పుకాగితం మిగులుతాది.

లహరి, ఎనిమిదో తరగతి, లెక్క కట్టింది:
స్ప్రే డబ్బా ఒకటి ఒక డోరుకు చాలదు,
మొత్తానికి పద్దెనిమిది డబ్బాలు,
ఆరువేల మూడునూర్లు.
"టాపు మీదికి వచ్చేతలికి అయిపోతే నాయనా,
సగం గీసిన గుండు మాదిరి ఉంటాది" అని
తన లెక్కను తానే కొట్టేసింది.

పెయింట్ల అంగడి బాబావలి మాత్రం
కౌంటర్ కింద నుంచి ఒక రోలర్ తీసినాడు,
జానెడు కూడా లేదు, స్పంజిది.
"ఇంటి తలుపులకేసే రంగే. థిన్నర్ కలుపు.
పాల మాదిరి కాదు, పల్చని మజ్జిగ మాదిరి.
ఆరు పూతలు.
మొదటిది చూస్తే ఏడుస్తావు,
రెండోది చూస్తే నన్ను తిడతావు.
పూతకూ పూతకూ నడుమ
నీళ్ళు పోసి వాటర్ పేపరుతో రుద్దాల.
అంత ఓపిక ఉంటేనే డబ్బు తీయి."

నీళ్ళు పోసి రుద్దడమా?
ఇరవై రెండేండ్లుగా నేను చేసేదేంది స్వామీ!
అరవై నంబరు రాయితో మొదలుపెట్టి
బండలో పైన తిరిగే ఫ్యాను కనపడేదాకా
రుద్ది రుద్ది
నా వేళ్ళ గీతలే పోయినాయి.
స్టోరు కాడ మిషను నా బొటనవేలు చూసి
ప్రతినెలా అదే మాట: సరిపోలలేదు.
నెత్తికి తుడుచుకొని పెట్టినా
సబ్బుతో కడిగి పెట్టినా
నేను నేను కాదంటాది.
ఆ వేలే
కంటికి ఆనని గీతను డోరు మీద పట్టుకుంటాది.

రోలరే అన్నాను.

తెల్లారుజామున నాలుగుకు గాలి పడిపోతాది.
కుళాయి నీళ్ళొచ్చే దినం చూసి
వన్నూరమ్మ వాకిలంతా తడిపింది.
శనక్కాయల పట్టను నాలుగు కట్టెలకు బిగించినాము.
పాత రంగు గీకుతా పోతే
తెలుపు కింద ఎరుపు,
ఎరుపు కింద పసుపు,
పసుపులో సగం చెరిగిన అక్షరాలు:
డ్రైవింగ్ స్కూల్.
ఓబులేసు నోట మాట లేదు.
కాసేపటికి ఎడమ పక్క సొట్ట మీద చెయ్యి పెట్టి
"బావా, ఇది నేను కొట్టిందే,
పెన్న బ్రిడ్జి కాడ,
రివర్సు వేసి ముందుకు పోతాదనుకున్నా" అన్నాడు.
వన్నూరమ్మ నవ్వలేక బకెట్ కింద పెట్టేసింది.
ఆ సొట్టకు పుట్టీ పెట్టలేదు.

మొదటి పూతకు ఏడ్వలేదు గానీ
పక్కింటాయన గోడ మీద నుంచి అడిగినాడు,
కారుకు తట్టు పోసిందా అని.
రెండోదానికి బాబావలిని తిట్టినాను, చెప్పినట్టే.
మూడోది వేసిన సాయంత్రం
ఆరిందో లేదో అని
డిక్కీ మూల బొటనవేలు ఆనించినాను.
ఆరలేదు.
ముదురు ఆకుపచ్చలో
గుండ్రంగా, నున్నగా ఒక మరక,
ఒక్క గీత లేదు.

లహరి వంగి చూసింది.
"ఇది నీ వేలే నాయనా" అన్నది,
అడగకుండానే.

బకెట్లో ఎనిమిదినూర్ల కాగితం నానుతాంది.
ఇంకా మూడు పూతలుండాయి.